దర్పణ్‌లో సంఘం పాన్ వెరిఫై కాకపోతే: నా అనుభవం

మా సంఘం నడిపే ఊరి గ్రంథాలయానికి ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇస్తామంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ డబ్బు తీసుకునే సంఘానికి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే ఫారంతో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాంతోపాటు దర్పణ్ (నీతి ఆయోగ్ నడిపే స్వచ్ఛంద సంస్థల పోర్టల్) ఐడీ కూడా కావాలన్నారు. అక్కడే ఇరుక్కుపోయాం, సంఘం పాన్ ఎంతకీ వెరిఫై కాలేదు. బ్రౌజర్ మార్చాం, అర్ధరాత్రి ప్రయత్నించాం, మీసేవ చుట్టూ తిరిగాం, లాభం లేదు.

చివరికి 2001 సొసైటీల చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్‌నూ పాన్ కార్డునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాం. సర్టిఫికెట్‌లో ‘యువజన సేవా సంఘం’ అని ఉంది. కార్డులో ‘సేవా’ ఎగిరిపోయింది!

ముందు పాన్ కరెక్షన్‌కు దరఖాస్తు పెట్టి, సర్టిఫికెట్ కాపీ జతచేశాం. కొత్త కార్డు చేతికొచ్చాక దర్పణ్‌లో పేరును కార్డు చూస్తూ, స్పేసులతో సహా అలాగే కొట్టాం. ఈసారి తీసుకుంది. ఆదాయపు పన్ను రాయితీలకు సంబంధించిన 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు కూడా ఆ పేరుతోనే తీసుకున్నాం. ఆ తర్వాతే సీఎస్ఆర్-1 నింపి సీఏతో డిజిటల్ సంతకం చేయించాం. ఈ వరుస మాత్రం తప్పకండి, లేదంటే ఒక్కో కాగితంలో ఒక్కో పేరు మిగిలి పెద్ద టెన్షన్.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. సంఘం పేరు సరిపోయినా ఆగిపోతుంటే కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు కూడా ఓసారి చూడండి.