వైట్ టీ సరిగ్గా రావడం లేదా? తేడా ఎక్కడుందో చూద్దాం

నీళ్లలా ఉంది, రుచే లేదు

వైట్ టీ మీద నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు ఇదే. మొదట్లో నాదీ ఇదే. చైనా వెళ్లొచ్చిన స్నేహితుడు ఇచ్చిన బై ముడాన్ (వైట్ టీలో ఒక రకం) పొట్లం విప్పి, అలవాటు ప్రకారం ఒక చెంచా ఆకు వేసి, కప్పు నిండా వేడినీళ్లు పోసి, రెండు నిమిషాలకు వడకట్టి తాగాను. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంది. తర్వాత అనుమానమొచ్చి అదే చెంచాడు ఆకును కాటా మీద వేస్తే ఒక గ్రాము కూడా తూగలేదు. అదే చెంచాతో మన టీపొడి రెండు గ్రాములకు తక్కువ రాదు.

ఆకు అంత గుల్లగా ఉండటానికి కారణం దాన్ని తయారుచేసే తీరు. వైట్ టీకి పుట్టిల్లు చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియాన్ రాష్ట్రం. అందులోనూ ఫుడింగ్, ఝెంగ్హే ప్రాంతాలు. అక్కడ కోసిన ఆకును వెదురు తట్టల్లో పలచగా పరిచి రెండు మూడు రోజులు వాడనిస్తారు, ఆ తర్వాత సన్నని వేడి మీద ఆరబెడతారు. అంతే. గ్రీన్ టీలా పెనంలో వేయించరు, బ్లాక్ టీలా నలపరు. నలిపిన ఆకులో రసం పైకి వచ్చేస్తుంది కాబట్టి నీళ్లు తగలగానే దిగిపోతుంది. మనం పాలల్లో మరిగించే సీటీసీ పొడినైతే యంత్రాల్లో నలిపి, చింపి, ఉండలు చుడతారు, అందుకే నిమిషంలో రంగు దిగుతుంది. వైట్ టీ ఆకును ఎవరూ నలపలేదు. రసం లోపలే ఉండి నిదానంగా వస్తుంది.

కాబట్టి చెంచా పక్కన పెట్టి కాటా తీయండి. 200 మి.లీ. కప్పుకు 3 గ్రాముల ఆకు, 90 డిగ్రీల నీళ్లు, మూత పెట్టి నాలుగైదు నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లు దించి, మూత తీసి రెండు మూడు నిమిషాలు ఆగితే దాదాపు ఆ వేడికి వస్తాయి. చైనావాళ్లు వాడే గైవాన్ (మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె) మీ దగ్గరుంటే ఇంకా మంచిది. 100-120 మి.లీ.కి 5 గ్రాములు వేసి, మొదటిసారి అర నిమిషం, ఆపైన ప్రతిసారీ పదేసి సెకన్లు పెంచుకుంటూ పోతే అదే ఆకు ఐదారు సార్లు వస్తుంది. ప్యాకెట్ మీద 70 డిగ్రీలని రాసి ఉన్నా నేను లెక్కచేయను. అది గ్రీన్ టీకి చెప్పే జాగ్రత్త.

వగరు, చేదు

ముందు గిన్నె అడుగు చూడండి. ఆకు కన్నా నుసి ఎక్కువగా ఉందా? ఆకును నొక్కి అచ్చుకట్టి అమ్మే టీ బిళ్లల విషయంలో ఇది మామూలే. 350 గ్రాముల గట్టి బిళ్లను చాకుతో పొడిస్తే సగం పొడైపోతుంది, ఆ పొడిలోంచి వగరు ఒక్కసారిగా దిగుతుంది. సన్నని ఊచను బిళ్ల అంచు నుంచి అడ్డంగా గుచ్చి, పొరలు పొరలుగా లేపాలి. రాలిన నుసిని విడిగా తీసి పెట్టుకుని, దాన్ని కాచేటప్పుడు పది సెకన్లకే వడకట్టేయండి.

నుసి లేదు, కాచింది కూడా పద్ధతిగానే, అయినా చేదు. అప్పుడు ప్యాకెట్ మీద పేరు చదవండి. ‘అంజి బైచా’ అని ఉందా? బైచా అంటే తెల్ల టీ అనే అర్థం, కానీ లోపలున్నది గ్రీన్ టీ! జెజియాంగ్ రాష్ట్రంలోని అంజిలో వసంతకాలపు చల్లదనానికి చిగుళ్లు పాలిపోయి వచ్చే చెట్టు ఒకటుంది. ఆ రంగును బట్టి ఆ పేరు పెట్టారు. తయారీ మాత్రం గ్రీన్ టీ పద్ధతే. దానికి 80 డిగ్రీలు చాలు.

ఈ పేరు గొడవ ఇవాళ్టిది కాదు. సోంగ్ వంశపు చక్రవర్తి హుయిజోంగ్ 1107 ప్రాంతంలో టీ గురించి రాసిన గ్రంథంలో తెల్ల టీ మాట ఉంది. దాన్ని చూపించి వైట్ టీకి తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఆయన మెచ్చుకున్నది అరుదుగా మొలిచే ఒక పాలిపోయిన ఆకు చెట్టును. ఆ కాలంలో ఆకును ఆవిరి పట్టి, నూరి, బిళ్లలు కట్టేవారు. ఇప్పుడు మనం తాగే రకం, పెద్ద మొగ్గలు వేసే ‘దా బై’ చెట్ల నుంచి వచ్చేది, 19వ శతాబ్దం చివర్లో పైకొచ్చింది.

కప్పులో ఏదో నూగు తేలుతోంది

తేలాలి. అది మొగ్గ మీది నూగే. బైహావో యిన్‌జెన్, అంటే వెండి సూది రకంలో ఆకు ఉండదు, ఉత్త మొగ్గలే. వెలుతురుకి ఎదురుగా కప్పు పెట్టి చూస్తే ధూళిలా మెరుస్తూ తిరుగుతుంటుంది. కంటికి నచ్చకపోతే నీళ్లను మొగ్గల మీద కాకుండా గిన్నె గోడ వెంట సన్నగా పోయండి. టీ మీద మీగడలాంటి తెట్టు కడితే మాత్రం అది ఆకు తప్పు కాదు, బోరు నీళ్లలోని సున్నం. ఫిల్టర్ నీళ్లతో కాచి చూడండి.

లేత పసుపు రావాల్సింది ముదురు రంగొచ్చింది

మీ దగ్గరున్నది షోవ్‌మెయ్ అయితే అదే దాని రంగు. ముదురు ఆకులతో చేసేది, కాస్త పాతబడితే నారింజ రంగుకు తిరుగుతుంది, మరిగించినా తట్టుకుంటుంది. కానీ ‘పదేళ్ల పాత టీ’ అని చవగ్గా అమ్మితే అనుమానించండి. ‘ఏడాదికి టీ, మూడేళ్లకు మందు, ఏడేళ్లకు నిధి’ అని ఫుడింగ్‌లో ఒక నానుడి ఉంది. దాని చలవతో, తేమ పెట్టి వేడిచేసి రంగు మార్చిన సరుకు కూడా పాతదని చెలామణీ అవుతోంది. కాచినప్పుడు బూజు వాసనో, పులిసిన వాసనో వస్తే పారేయండి.

ఇంగువ వాసన

నా షోవ్‌మెయ్ బిళ్ల ఒకటి ఇలాగే పోయింది. పోపుల డబ్బా ఉన్న అలమరలోనే రెండు నెలలు ఉంచాను. కాగితం చుట్టే కదా, వాసనంతా పీల్చేసుకుంది. వారం రోజులు గాలికి ఆరబెట్టినా పూర్తిగా వదల్లేదు. ఫుడింగ్ వర్తకులు రేకు సంచిలో కట్టి, దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆపైన అట్టపెట్టెలో దాస్తారు. మనమూ అదే చేయాలి. వంటింట్లో కాదు, ఫ్రిజ్‌లో అసలే కాదు. ఫ్రిజ్ లోంచి తీసిన ప్రతిసారీ ఆకుకు చెమ్మ పడుతుంది.

రాత్రి నిద్ర పట్టలేదు

వైట్ టీలో కెఫీన్ ఉండదనో, నామమాత్రమనో ఎవరో చెప్పి ఉంటారు. టీ మొక్కలో లేత మొగ్గలోనే కెఫీన్ ఎక్కువ. యిన్‌జెన్ మొత్తం మొగ్గలే. పైగా గైవాన్‌లో 5 గ్రాములు వేసి ఆరు సార్లు తాగారు. దాన్ని పొద్దుటికి మార్చుకోండి.