ట్రాక్‌కు వెళ్లే ముందు బ్రేక్ డిస్కులు చూసుకోండి

కడప నుంచి సొంత కారులో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకో వెళ్లాలనుకుంటున్నారా? టైర్ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ముందు చక్రాల డిస్కుల మీద, అంటే బ్రేకు తొక్కితే ప్యాడ్లు రెండు వైపులా నొక్కిపట్టే ఇనుప పళ్లాల మీద పెట్టండి.

ఊళ్లో బ్రేకు మీద పడే భారం వేరు, ట్రాక్ మీద పడే భారం వేరు. గంటకు 140 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గిస్తే పుట్టే వేడి, 60 నుంచి పూర్తిగా ఆపినప్పటి వేడికి నాలుగు రెట్లు పైనే. ల్యాపులో, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ఒక్కో రౌండులో, ఇలా పదే పదే జరుగుతుంది. ఆ వేడిని ముందుగా మింగేది డిస్కులోని ఇనుమే. డిస్కు అరిగి పలచబడిందంటే ఇనుము తగ్గినట్టే, అంత త్వరగా కాగిపోతుంది. కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ దిగే లారీల దగ్గర వచ్చే కాలిన వాసన మనకు కొత్తేం కాదు. ట్రాక్ మీద కొన్ని ల్యాపుల్లోనే మన కారూ ఆ స్థితికి రావచ్చు.

కాబట్టి మొదటి పని మందం కొలవడం. కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే ముద్రించి ఉంటుంది. ఇక్కడ చాలామంది వెర్నియర్ (రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే స్కేలు) పెట్టి మోసపోతారు. ప్యాడ్ తగలని అంచు అరగకుండా గట్టులా మిగులుతుంది. వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్ దొరక్కపోతే, గట్టుకు లోపలగా రెండు వైపులా ఒకే రకం రూపాయి బిళ్లలు ఆనించి కొలవండి, తర్వాత బిళ్లల మందం తీసేయండి. చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. కనీస మందానికి దగ్గరపడితే ఆ డిస్కుతో ట్రాక్‌కు వెళ్లకండి. గీతలు పోతాయని లేత్ మీద పెట్టి పై పొర చెక్కించమంటారు. నున్నబడేది నిజమే, కానీ ఉన్న ఇనుమూ పోతుంది. ట్రాక్ కోసమైతే నేను ఒప్పుకోను.

తర్వాత పగుళ్లు. వేడికి పైపైన వెంట్రుకల్లాంటి గీతలు రావడం మామూలే. గోరు పెడితే చిక్కుకునే పగులు ఉన్నా, పగులు అంచుదాకా పాకినా డిస్కు మార్చాల్సిందే. ఒక్కటి పాడైనా, ఎడమా కుడీ రెండూ కలిపి మార్చండి.

ఏది కొనాలి? చిల్లుల డిస్కు చూడటానికి బాగుంటుంది, అందుకే కుర్రాళ్లు దానికే పడిపోతారు. ట్రాక్ వేడికి పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లుల దగ్గరే. గాడులున్నవి ప్యాడ్ ముఖాన్ని శుభ్రంగా ఉంచుతాయి, కానీ ప్యాడ్‌ను త్వరగా తినేస్తాయి. మామూలు కారుతో కొత్తగా ట్రాక్ ఎక్కేవాళ్లకు మధ్యలో గాలి దారులుండే సాదా డిస్కే మేలు. నకిలీ సరుకు కాకుండా, నమ్మకమైన షాపులో బిల్లుతో తీసుకోండి. మిగిలిన డబ్బు మంచి ప్యాడ్లకూ కొత్త బ్రేక్ ఆయిల్‌కూ పెట్టండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక అది 155 దాకా పడిపోవచ్చు. మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది.

బిగించేటప్పుడు డిస్కు కూర్చునే హబ్ మీది తుప్పును వైరు బ్రష్‌తో గీకించండి. అక్కడ కాస్త తుప్పున్నా డిస్కు వంకరగా తిరుగుతుంది. కొత్త డిస్కు మీది నూనె పొర తుడిపించండి. ఆపైన తెల్లవారుజామున, వెనక బండి లేనప్పుడు, ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి ఎనిమిది పది సార్లు తగ్గించండి. ఎక్కడా పూర్తిగా ఆపవద్దు. వేడి మీద పెడల్ తొక్కిపట్టి ఆపితే ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుంటుంది. తర్వాత స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందనుకుంటాం, చాలాసార్లు కారణం ఈ మరకే.

ట్రాక్ మీద చివరి ల్యాపు బ్రేకు దాదాపు వాడకుండా నెమ్మదిగా తిరగండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి. గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టండి. కాగిన డిస్కు మీద నీళ్లు అస్సలు పోయకండి, పగులుతుంది. పెడల్ మామూలు కంటే లోతుకు దిగితే ఆ ల్యాపుతోనే బయటికొచ్చేయండి.

తిరుగు ప్రయాణానికి ముందు చక్రాలు చల్లారాక ప్యాడ్ ఎంత మిగిలిందో, డిస్కులో పగులుందేమో మళ్లీ చూడండి. రాయచోటి మీదుగా వస్తే గువ్వలచెరువు ఘాట్ దిగాల్సింది ఆ బ్రేకులతోనే. అందుకే ఒక జత కొత్త ప్యాడ్లు, జాకీ, స్పానర్లు డిక్కీలో వేసుకుని బయల్దేరండి.