లాభం వస్తున్నా చేతిలో డబ్బు ఆడటం లేదా? చిన్న వ్యాపారంలో నగదును ఇలా చూసుకోండి

అమ్మకాలు బాగున్నాయి, లెక్కల్లో లాభం కనిపిస్తోంది, అయినా జీతాల రోజు దగ్గరపడితే ఎవరినో అప్పు అడగాల్సి వస్తోంది. చిన్న వ్యాపారం నడిపేవాళ్లలో చాలామందికి తెలిసిన టెన్షనే ఇది. గిరాకీ లేకే వ్యాపారాలు మూతపడతాయని బయటివాళ్లు అనుకుంటారు గానీ, గిరాకీ ఉండి కూడా చేతిలో డబ్బు ఆడక చతికిలబడేవి ఉన్నాయి. లాభం కాగితం మీద ఉంటుంది, బిల్లులు కట్టేది మాత్రం నగదుతోనే. ఆ నగదును అదుపులోకి తెచ్చుకోవడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో చూద్దాం.

ముందు మీ జేబును, గల్లాను విడదీయండి

వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా పెట్టండి. ఇంటి ఖర్చులకు నెలకు ఇంత అని మీకు మీరే జీతం నిర్ణయించుకుని, ఒక తేదీన తీసుకోండి. అవసరం వచ్చినప్పుడల్లా గల్లాలో చెయ్యి పెట్టే అలవాటు ఉన్నంతకాలం కింద చెప్పే ఏ లెక్కా నిజం చెప్పదు. ఇంట్లోవాళ్లు సరుకు తీసుకెళ్లినా బిల్లు రాయాల్సిందే. మొదట్లో మొహమాటంగానే ఉంటుంది, చుట్టాల దగ్గర మరీనూ.

రోజూ మూసేముందు పద్దు సరిచూడండి

పొద్దున్న ఉన్న నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేసి, గల్లాలోని నోట్లు లెక్కపెట్టాలి. ఇంతే పని. పొద్దున్న 5,000 ఉంది, రోజంతా 18,400 వచ్చింది, 6,150 ఖర్చయింది అనుకుందాం. ఉండాల్సింది 17,250. లెక్కపెడితే 17,050 తేలింది. ఆ 200 సరుకు దింపినవాళ్లకు కూలి ఇచ్చి రాయడం మరిచిపోయిందని ఆ సాయంత్రమైతే గుర్తొస్తుంది, వారం పోతే రాదు. ఎంత వెతికినా దొరక్కపోతే ‘తేడా’ అని రాసి వదిలేయండి, ఏదో ఒక ఖర్చు పేరు పెట్టి సరిపెట్టకండి. నెల తిరిగేసరికి ఆ తేడాలు ఏ రోజుల్లో, ఎవరు గల్లా మీద ఉన్నప్పుడు వస్తున్నాయో పద్దే చూపిస్తుంది.

పుస్తకంలో రాస్తారా, కంప్యూటర్లోనా అన్నది మీ ఇష్టం. కార్డు, ఆన్‌లైన్ చెల్లింపులను మాత్రం వారానికోసారి బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చండి.

మీ డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటోందో లెక్కేయండి

అసలు కిటుకు ఇక్కడుంది. మూడు అంకెలు కావాలి. కొన్న సరుకు సగటున ఎన్ని రోజులు మీ దగ్గర ఉంటోంది? అరువుకు అమ్మితే డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతోంది? మీకు సరుకు ఇచ్చేవాళ్లు ఎన్ని రోజుల గడువు ఇస్తున్నారు? మొదటి రెండూ కలిపి మూడోది తీసేయండి.

సరుకు 30 రోజులు నిల్వ ఉంటోంది, అరువు తీసుకున్న ఖాతాదారు 45 రోజులకు కడుతున్నాడు, మీరు 20 రోజుల్లో కట్టాలి. 30 కి 45 కలిపి 20 తీసేస్తే 55 రోజులు. అంటే మీ జేబులోంచి పోయిన డబ్బు తిరిగి రావడానికి 55 రోజులు పడుతుంది. రోజుకు 10,000 విలువైన సరుకు కదులుతుంటే, ఎప్పుడు చూసినా సుమారు 5,50,000 బయటే తిరుగుతూ ఉంటుందన్నమాట. అమ్మకాలు రెట్టింపైతే ఇది 11,00,000 అవుతుంది. పెద్ద ఆర్డరు వచ్చిందని సంబరపడిన నెలలోనే అద్దె డబ్బుకు వెతుక్కోవాల్సి రావడానికి కారణం ఇదే. అందుకే పెద్ద ఆర్డరు ఒప్పుకునే ముందు లాభం ఎంతని మాత్రమే కాదు, మధ్యలో ఎంత డబ్బు ఎన్నాళ్లు పెట్టాలని కూడా అడగండి. అడ్వాన్సు అడగడానికి మొహమాటపడొద్దు.

ఇదే లెక్క తిరగేసి చూస్తే, ఆ 55 రోజుల్ని 45 కి తగ్గించగలిగితే 1,00,000 విడుదలవుతుంది. దానికి వడ్డీ లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

13 వారాల పట్టీ వేయండి

రాబోయే 13 వారాల్లో ఏ వారం ఎంత డబ్బు వస్తుందో, ఎంత పోతుందో ముందే అంచనా వేసి రాసుకునే పట్టిక ఇది. 13 వారాలంటే మూడు నెలలు. అద్దె, జీతాలు, వాయిదాలు మూడేసి సార్లు అందులో పడతాయి. అడ్డంగా వారాలు, నిలువుగా ప్రారంభ నిల్వ, రాబడులు, చెల్లింపులు, ముగింపు నిల్వ రాయండి. ఒక వారం ముగింపు నిల్వే తర్వాతి వారం ప్రారంభ నిల్వ.

రాబడి రాసేటప్పుడు బిల్లు తేదీ చూడకండి, ఆ ఖాతాదారు మామూలుగా ఎప్పుడు కడతాడో ఆ వారంలోనే వేయండి. 30 రోజులని చెప్పి ఎప్పుడూ 50 కి కట్టే మనిషి ఈసారి మాత్రం 30 కే కడతాడనుకోవడం మన ఆశ, అంచనా కాదు. బీమా, లైసెన్సు రుసుము, యంత్రాల మరమ్మతు లాంటి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు మరిచిపోకండి. కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన పన్ను మీ చేతిలో ఉన్నా మీది కాదు కాబట్టి దాన్ని విడిగా పెట్టేయండి.

తొమ్మిదో వారంలో నిల్వ సున్నా కిందకు పోతోందని ఇవాళే తెలిస్తే, ఒక కొనుగోలు వాయిదా వేయొచ్చు, గడువు పెంచమని సరఫరాదారును ముందే అడగొచ్చు. గడువు దాటాక అడగడం వేరు, ముందే అడగడం వేరు. ప్రతి వారం అసలు అంకెలతో పోల్చి, చివర కొత్త వారం ఒకటి చేర్చుకుంటూ పోండి.

బాకీలు మురగనివ్వకండి

బిల్లు సరుకు ఇచ్చిన రోజే ఇవ్వాలి. మీరు పది రోజులు ఆలస్యంగా పంపితే ఆ పది రోజులూ మీరే అరువిచ్చినట్టు. దానిమీద ‘30 రోజుల్లో’ అని కాకుండా కట్టాల్సిన తేదీయే రాయండి.

గడువుకు నాలుగైదు రోజుల ముందు ఒక ఫోన్ చేయండి, డబ్బు మాట ఎత్తకుండా. ‘బిల్లు అందిందాండీ? లెక్కలో ఏమైనా తేడా ఉందా?’ అంటే చాలు. బిల్లు అందలేదని, ఒక వస్తువు తక్కువ వచ్చిందని తర్వాత చెప్పే సాకులు అప్పుడే తేలిపోతాయి. గడువు దాటితే మాత్రం ‘కాస్త చూడండి’ అని పెట్టేయొద్దు, ఏ తేదీన ఎంత కడతారో అడిగి, వాళ్ల ముందే రాసుకోండి. నెలకోసారి బాకీలను 30, 60, 90 రోజులు దాటినవిగా విడదీసి చూడండి. 60 దాటినవాళ్లకు పాతది కట్టేదాకా కొత్తగా అరువు లేదని చెప్పడమే మేలు. ఖాతాదారు పోతాడేమోనన్న భయం సహజమే గానీ, కట్టని ఖాతాదారుకు సరుకు ఇస్తూ పోవడం వ్యాపారం కాదు.

సరుకు, తగ్గింపులు

టోకున ఎక్కువ కొంటే తక్కువకు వస్తుందని ఊరించే బేరాల్లో చాలా డబ్బు అల్మరాల్లో పడి ఉంటుంది. ఎప్పుడు తెప్పించాలో లెక్క ప్రకారం చూసుకోండి. రోజుకు 8 అమ్ముడవుతూ, ఆర్డరిస్తే రావడానికి 6 రోజులు పడుతుంటే 48 కావాలి, ఆలస్యానికి మరో 20 చేర్చండి. నిల్వ 68 కి దిగినప్పుడు ఆర్డరివ్వాలి. ఆర్నెల్లుగా కదలని సరుకును నష్టానికైనా వదిలించుకోండి, కొన్న ధర గురించి బాధపడితే అది తిరిగి రాదు.

కదిలే సరుకు మీద తగ్గింపు ఇవ్వడం మాత్రం ఆచితూచి చేయాలి. 100 కి అమ్మే వస్తువు మీకు 70 కి పడితే మిగిలేది 30. పది శాతం తగ్గించి 90 కి అమ్మితే మిగిలేది 20. అంతకుముందు 100 అమ్మి సంపాదించినంత సంపాదించాలంటే ఇప్పుడు 150 అమ్మాలి. తగ్గింపు బోర్డు పెట్టే ముందు, సగం గిరాకీ అదనంగా వస్తుందని నమ్ముతున్నారా?

సరుకిచ్చేవాళ్లు ‘30 రోజుల గడువు, పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు’ అన్నప్పుడు చేతిలో డబ్బుంటే వెంటనే కట్టేయండి. 20 రోజుల ముందు కట్టినందుకు అంత మిగలడమంటే ఏడాది లెక్కన సుమారు 37 శాతం. అదే ఆఫర్ మీరు మీ ఖాతాదారులకు ఇస్తుంటే, అంత వడ్డీ మీరు కడుతున్నట్టే.

అప్పు తప్పదనుకుంటే

ఏళ్లపాటు వాడే యంత్రాన్ని రోజువారీ సరుకు డబ్బుతో కొనకండి, దానికి దీర్ఘకాలిక రుణం తీసుకోండి. అరువు వసూలయ్యేదాకా మధ్యలో పడే గండికి మాత్రం స్వల్పకాలిక అప్పు సరిపోతుంది. బ్యాంకుకు వెళ్లేది నిల్వ నిండుకున్నాక కాదు, 13 వారాల పట్టీలో ఆ వారం ఇంకా దూరంగా కనిపిస్తున్నప్పుడే. ఆ పట్టీని, బాకీల జాబితాను వెంట తీసుకెళ్లండి. ఎంత కావాలి, ఎందుకు కావాలి, ఎప్పుడు తీరుస్తారు అన్న మూడింటికీ జవాబు అందులోనే ఉంటుంది.