ఎకానమీ 7 ఉన్నా బిల్లు దిగడం లేదా? పట్టపగలు ఒకసారి మీటరు చూడండి

గ్యాస్ కనెక్షన్ లేని ఫ్లాటు, గోడకు బరువైన స్టోరేజ్ హీటర్లు (రాత్రి కరెంటుతో వేడి నింపుకుని పగలు వదిలేవి), అల్మారాలో వేడినీళ్ల సిలిండరు. ఇంగ్లండులో మనవాళ్లు అద్దెకు దిగే ఇళ్లలో ఇలాంటివి చాలానే ఉంటాయి. వీటికి ఎక్కువగా ఎకానమీ 7 టారిఫ్ ఉంటుంది. రాత్రి ఏడు గంటలు యూనిట్ చవక, మిగతా పదిహేడు గంటలు మామూలు టారిఫ్ కన్నా ప్రియం. 1978 నుంచి ఉన్న పద్ధతే. అయినా చలికాలం మొదటి బిల్లు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, అన్నీ రాత్రే వాడుతున్నాం, ఇంత బిల్లేంటి?" మీటరు ఫొటో పంపమంటే బిల్లు ఫొటో పంపుతారు. బాబూ, నాకు కావాల్సింది మీటరు!

లక్షణం: బిల్లులో డే యూనిట్లే బోలెడు, నైట్ యూనిట్లు నామమాత్రం

ముందు సిలిండరు దగ్గరి బూస్ట్ స్విచ్ చూడండి. ఎవరో స్నానానికి వేసి మర్చిపోయి ఉంటారు. అది పగలంతా ప్రియమైన కరెంటుతో నీళ్లు కాస్తూనే ఉంటుంది. ఆపేయండి, సగం ఇళ్లలో కథ ఇక్కడే ముగుస్తుంది.

అది ఆపే ఉంటే, బిల్లులో డే, నైట్ రీడింగులు తారుమారై ఉండొచ్చు. నేను రెండు చలికాలాలు దీని వల్లే మునిగాను. బిల్లు తగ్గాలని వాషింగ్ మెషీన్ అర్ధరాత్రికి టైమర్ పెట్టాను, పగలు హీటర్ ముట్టుకోకుండా స్వెట్టర్లో కూర్చున్నాను. వాడకం రాత్రికి జరిపినకొద్దీ బిల్లు ఇంకా పెరిగింది! అసలు గుర్తు అదే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఎలా జరుగుతుందంటే, చాలా మీటర్ల మీద డే, నైట్ అని రాసి ఉండదు. రేట్ 1, రేట్ 2 అని మాత్రమే ఉంటుంది. కొన్నింట్లో రేట్ 1 పగటిది, కొన్నింట్లో రాత్రిది. సప్లయర్ మారినప్పుడో, మీటరు మార్చినప్పుడో ఈ వరస తిరగబడుతుంది. స్మార్ట్ మీటరైతే ఇలా జరగదని ధీమాగా ఉండకండి.

తేడా చిన్నదేమీ కాదు. డే యూనిట్ 30 పెన్సులు, నైట్ 15 అనుకుందాం. రాత్రి 2,000, పగలు 1,000 యూనిట్లు కాల్చారు. సరైన బిల్లు 600 పౌండ్లు. తారుమారైతే 750.

కనిపెట్టడానికి రాత్రి నిద్ర మేలుకోనక్కర్లేదు. మధ్యాహ్నం 12కి రెండు రీడింగులూ ఫొటో తీయండి. రాత్రి 8కి మళ్లీ తీయండి. ఒక్క అంకె మాత్రమే పెరిగి ఉంటుంది, అదే డే. ఇప్పుడు బిల్లు తీసి ఆ అంకె పక్కన ఏమని రాశారో చూడండి. నైట్ అని ఉంటే దొంగ దొరికినట్టే. మీది ఎకానమీ 10 అయితే ఈ పరీక్ష పనికిరాదు, దానికి మధ్యాహ్నం కూడా చవక గంటలుంటాయి.

సప్లయర్‌కి ఫోన్ చేసి "బిల్లు ఎక్కువొచ్చింది" అనకండి, కరెంటు పొదుపు చిట్కాలు చెప్పి పెట్టేస్తారు. "డే, నైట్ రిజిస్టర్లు తారుమారయ్యాయి, సరిచేసి మొదటినుంచీ బిల్లులు మళ్లీ వేయండి" అనండి. టైము కనబడే ఫొటోలు మెయిల్లో పంపండి. వచ్చే బిల్లు నుంచి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. తెలివిగా యాప్‌లో మీరే రీడింగులు అటుదిటు ఎక్కించకండి. తర్వాత వాళ్లూ సరిచేస్తే మళ్లీ తిరగబడుతుంది, ఆ చిక్కు విప్పడం నా వల్ల కూడా కాదు. 8 వారాలైనా తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఖర్చేమీ ఉండదు.

ఫోన్ చేసే ముందు ఒక లెక్క వేసుకోండి. మీ వాడకం పగలే ఎక్కువైతే, ఈ పొరపాటు ఇన్నాళ్లూ మీకే కలిసొచ్చింది. సరిచేస్తే ఎదురు కట్టాలి. కాకపోతే తప్పు వాళ్లదైతే 12 నెలల కన్నా పాత వాడకానికి డబ్బు అడగకూడదని అక్కడి నియమం.

లక్షణం: చలికాలం బాగానే ఉంది, ఏప్రిల్ నుంచి నైట్ యూనిట్లు తగ్గాయి

అక్కడ వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అవి జరిగాయి, మీటరు జరగలేదు. చాలా మీటర్లు ఏడాది పొడుగునా జీఎంటీలోనే, అంటే చలికాలపు టైములోనే ఉంటాయి. చవక గంటలు చలికాలంలో రాత్రి 12:30 నుంచి ఉదయం 7:30 అయితే, వేసవిలో 1:30 నుంచి 8:30. టైమర్లు గంట ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టుకోండి. ఈ వేళలు ప్రాంతాన్ని బట్టి మారతాయి, మీవి సప్లయర్‌ని అడగండి.

లక్షణం: సాయంత్రానికి హీటర్లు చల్లారిపోతున్నాయి

వేడిని బయటికి వదిలే అవుట్‌పుట్ నాబ్ తెరిచి పడుకుంటున్నారు. రాత్రి నింపిన వేడి మధ్యాహ్నానికే అయిపోతోంది. పడుకునే ముందు తగ్గించి, సాయంత్రం పెంచండి.

మిగతావి

మీటర్లో బటన్లు నొక్కి చూసినా ఒకే రీడింగ్ ఉంటే అది రెండు రేట్ల మీటరు కాదు, టారిఫ్ మార్చమనండి. పక్కన రేడియో టెలీస్విచ్ పెట్టె (రేడియో సిగ్నల్ అందుకుని చవక, ప్రియం రేట్లు మార్చేది) ఉంటే, ఆ సిగ్నల్ 2025 జూన్ 30 నుంచి విడతలుగా ఆపేయడం మొదలైంది, కొత్త మీటరు పెట్టించుకోండి. మీటరు మార్చాక హీటర్లు అసలు వెలగకపోయినా, పగలూ రాత్రీ వెలిగే ఉన్నా వైరింగ్ తప్పు. మీరు చెయ్యి పెట్టకండి, మీటరు పెట్టినవాళ్లనే పిలవండి.