రెయిడ్ కట్టే ముందు గెట్టు చూసుకోండి

హన్మకొండలో మా తమ్ముడికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు దాచడానికి నాలుగు 2 టీబీ డిస్కులతో లినక్స్‌లో రెయిడ్ 5 కట్టిచ్చాను. అంటే డిస్కులన్నీ కలిపి ఒకటిగా వాడటం, ఒకటి పోయినా డేటా పోదు. మేడారం జాతర వీడియోలు ఎక్కించిన రోజు కాపీ తెల్లారేదాకా నడిచింది. డిస్కులు బాగానే ఉన్నాయి, కేబుళ్లూ బాగానే ఉన్నాయి. తప్పు నా దగ్గరే జరిగింది. పని తొందరగా అవుతుందని ఒక పాత డిస్కు పార్టిషన్ టేబుల్‌నే నాలుగింటికీ కాపీ చేశాను. అందులో పార్టిషన్ (డిస్కులో డేటాకు కేటాయించిన భాగం) 63వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. సెక్టార్ అంటే డిస్కు మీద డేటా రాసే చిన్న గడి.

ఇప్పటి డిస్కులు చాలావరకు లోపల 4,096 బైట్ల సెక్టార్లతో పనిచేస్తూ, పైకి మాత్రం 512 అని చెబుతాయి. అంటే ఎనిమిది చిన్న సెక్టార్లు కలిస్తే ఒక అసలు సెక్టార్. 63ను 8తో భాగిస్తే 7 మిగులుతుంది. గెట్టు పక్కవాళ్ల మడిలో పడ్డట్టు, ప్రతి 4 కేబీ బ్లాకూ రెండు అసలు సెక్టార్ల మీద పడుతుంది. ఒక బ్లాకు రాయాలంటే డిస్కు ముందు ఆ రెండింటినీ చదివి, కలిపి, తిరిగి రాయాలి. రెయిడ్ 5లో ప్యారిటీకీ (ఒక డిస్కు పోతే దాని డేటాను తిరిగి రాబట్టే లెక్కకీ) ఇదే తిప్పలు.

మీ డిస్కులో ఎఫ్‌డిస్క్ కమాండ్ చూపించే స్టార్ట్ (పార్టిషన్ మొదలయ్యే సెక్టార్) అంకెను 8తో భాగించండి. శేషం మిగిలితే డేటా మొత్తం వేరే డిస్కుకు తీసి, మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే.

పార్టెడ్‌లో (పార్టిషన్లు చేసే కమాండ్) జీపీటీ రకం పార్టిషన్ టేబుల్ పెట్టి, పార్టిషన్‌ను 1 ఎంఐబీ దగ్గర మొదలుపెట్టండి. ఎంబీ కాదు, ఎంఐబీ: 10,48,576 బైట్లు, అంటే సరిగ్గా 2,048వ సెక్టార్. తర్వాత గెట్టు సరిగ్గా ఉందో లేదో చెప్పే అలైన్-చెక్ కొట్టి చూడండి. రెయిడ్ కట్టాక ఎండీఆడ్మ్ (రెయిడ్ కట్టే కమాండ్) ఎగ్జామిన్‌లో డేటా ఆఫ్‌సెట్, అంటే డేటా మొదలయ్యే సెక్టార్ కూడా చూడండి. నాకు 2,64,192 వచ్చింది, 8తో నిశ్శేషంగా పోతుంది.

చంక్, అంటే ఒక్కో డిస్కు మీద వరుసగా రాసే ముక్క, 512 కేబీ దానంతట అదే వస్తుంది. పెద్ద వీడియోలకు అదే ఉంచండి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ బ్లాకు 4 కేబీ కాబట్టి స్ట్రైడ్ (ఒక చంక్‌లో పట్టే బ్లాకులు) 512 ÷ 4 = 128. నాలుగు డిస్కుల్లో ఒక డిస్కంత చోటు ప్యారిటీకి పోగా మూడు మిగులుతాయి, కాబట్టి స్ట్రైప్ విడ్త్ (డేటా డిస్కులన్నిటి మీద ఒక వరుసలో పట్టే బ్లాకులు) 128 × 3 = 384. ఇక్కడ చాలామంది నాలుగుతో గుణించి 512 పెడతారు, అది తప్పు. అదే రెయిడ్ 6 అయితే ప్యారిటీకి రెండు డిస్కులంత చోటు పోతుంది కాబట్టి రెండుతోనే గుణించాలి. రెయిడ్ మీద నేరుగా ఫార్మాట్ చేస్తే మామూలుగా ఈ అంకెలు వాటంతట అవే పడతాయి. అయినా ఫైల్‌సిస్టమ్ అంకెలు చూపించే, మార్చే ట్యూన్2ఎఫ్ఎస్‌ కమాండ్‌లో ఒకసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

మొన్న దసరాకు ఐదో డిస్కు కలిపాం. రీషేప్ (డేటాను ఐదు డిస్కులకూ మళ్లీ పంచడం) పూర్తయ్యాక, ఫైల్‌సిస్టమ్‌ను పెంచి, అదే ట్యూన్2ఎఫ్ఎస్‌తో స్ట్రైప్ విడ్త్‌ను 512కు మార్చాను, ఇప్పుడు డేటాకు నాలుగు డిస్కులంత చోటు ఉంది కదా. స్ట్రైడ్ 128 అలాగే ఉంది.