టూరింగ్ బైకుకి (దూరాలు తిరిగే బండికి) టైరు కొనే ముందు
శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు హైవే మీదే ఎక్కువ తిరిగే బండికి వెనక టైరు నడుమ అరిగి చదునైపోతుంది. ఆ టైరుతో ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కితే, మలుపులో బండి ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా వాలిపోతుంది. అందుకే డ్యూయల్ కాంపౌండ్ టైరు తీసుకోండి: నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తనిది. పూర్తిగా మెత్తని స్పోర్ట్స్ టైరుకి పట్టు బాగుంటుంది గానీ దూరాలకి డబ్బు దండగ.

సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాన్యువల్లో ఉన్నవే ఉండాలి. వెడల్పు పెంచితే అందమే, అదీ చూసేవాళ్లకి. టైరు గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉండగానే చూసుకోవాలి. తక్కువైతే టైరు వేడెక్కి తొందరగా పోతుంది. కొత్త టైరు జారుతుంది. మొదటి 150 కి.మీ. బండిని గట్టిగా వంచకండి.