రిటైరైన క్రీడాకారిణి పరిచయం రాసే పద్ధతి: హొమరె సవ

మా బడిలో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల కోసం గోడపత్రికలో క్రీడాకారిణుల పరిచయాలు పెడుతుంటాను. జపాన్ క్రీడాకారిణి హొమరె సవ గురించి ఎలా రాశానో చెబుతాను. రిటైరైన ఎవరి గురించి రాయాలన్నా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందే కప్పుల జోలికి పోకండి. కాగితం ఎడమ అంచున సంవత్సరాలు, వాటి పక్కన క్లబ్బులు రాసుకోండి. సవ 1978 సెప్టెంబరు 6న టోక్యోలోని ఫుచూలో పుట్టింది. 1991లో యొమియురి బెలెజా అనే జపాన్ క్లబ్బులో చేరింది. 1999లో అమెరికా వెళ్లింది. 2001 నుంచి అట్లాంటా బీట్, 2004లో మళ్లీ బెలెజా, 2009లో వాషింగ్టన్ ఫ్రీడమ్, 2011లో ఐనాక్ కొబె. నిప్పొన్ టీవీ బెలెజా అని కనబడితే కొత్త క్లబ్బనుకోకండి, పేరు మారిందంతే.

ఇంతటితో ఆపితే నిలకడలేని మనిషిలా కనిపిస్తుంది. కారణాలు రాయాలి. అమెరికాలో 2001లో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్బు చాలక 2003లో మూతపడింది. అందుకే ఇంటిదారి పట్టింది. 2009లో అక్కడ కొత్త లీగ్ పెట్టాక మళ్లీ వెళ్లింది. ఆ తరం ఆడపిల్లలు ఆటనే నమ్ముకుని బతకడానికి ఎంత తిరిగారో మా పిల్లలకు తెలియాలి.

జాతీయ జట్టు లెక్క విడిగా వేయండి, క్లబ్బు గోల్స్‌తో కలపొద్దు. 1993లో పదిహేనేళ్ల వయసులో ఫిలిప్పీన్స్‌పై తొలి మ్యాచ్ ఆడి నాలుగు గోల్స్ కొట్టింది. మొత్తం 205 మ్యాచ్‌లు, 83 గోల్స్. 1995 నుంచి 2015 దాకా ఆరు ప్రపంచకప్‌లు ఆడింది.

2011కి మాత్రం ఎక్కువ చోటివ్వండి. మార్చి 11న భూకంపం, సునామీ జపాన్‌ను కుదిపేశాయి. ఆ జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫైనల్. అదనపు సమయంలో అమెరికా 2–1తో ముందుంది. 117వ నిమిషంలో జపాన్ జట్టులోని అయా మియామా కార్నర్ కొట్టింది. సవ దగ్గరి గోల్‌స్తంభం వైపు దూసుకెళ్లి బంతిని పాదం బయటి అంచుతో లోపలికి మళ్లించింది. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. పెనాల్టీ షూటౌట్‌లో జపాన్ 3–1తో గెలిచింది. షూటౌట్ గోల్స్ ఎవరి ఖాతాలోనూ వేయకూడదు. సవ ఆ టోర్నీలో కొట్టిన అయిదింటినీ కూడి సరిచూసుకోండి: మెక్సికోపై మూడు, స్వీడన్‌పై ఒకటి, ఫైనల్లో ఒకటి. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్, ఎక్కువ గోల్స్ కొట్టినవారికిచ్చే గోల్డెన్ బూట్ రెండూ ఆమెకే దక్కాయి. ఫిఫా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు 2012 జనవరిలో ఇచ్చినా అది 2011కి చెందినది.

ఓటములు దాచకండి. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్, 2015 ప్రపంచకప్ ఫైనల్ రెండూ అమెరికా చేతిలోనే పోయాయి. కుటుంబం గురించి ఒక్క వాక్యం చాలు.

2015 డిసెంబరు 27న జపాన్ మహిళా జట్ల టోర్నీ ఎంప్రెస్ కప్ ఫైనల్ ఆమె ఆఖరి మ్యాచ్. నీగతా జట్టుపై కొబె 1–0తో గెలిచింది, ఆ గోల్ సవ తలతో కొట్టిందే. అందుకే పేరు కింద ‘2011 ప్రపంచ విజేత’ అని మాత్రమే రాయొద్దు. మా గోడమీద ‘1991–2015’ అని వేశాను.